నాన్నగారు విప్పిన మోటారు

మా నాన్నగారి పెద్దకర్మ నాడు రెండో బంతి భోజనాలు నడుస్తుండగా, మా అక్క భర్త రమేష్ బావగారు పక్క విస్తరి ముందు కూర్చున్న బంధువుతో ఒక మాట అన్నారు. నేను నెయ్యి వడ్డిస్తూ సరిగ్గా ఆయన వెనకాలే ఉన్నాను. "ఆ సీఎన్‌సీ మిషన్ సంగతంతా మొదలెట్టింది నేనేనండీ. మరదలికి దారి చూపించి వదిలేశాను. అల్లుకుపోయింది" అన్నారాయన పప్పు కలుపుకుంటూ. నేను నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. బంతి చివర నుంచి మా అక్క కళ్లతోనే బతిమాలింది కాబట్టి ఆ రోజు నోరు విప్పలేదు. ఆయన విస్తట్లో నెయ్యి మాత్రం వెయ్యలేదు. ఆయన అడగనూ లేదు. తప్పు ఎవరిదో తెలిసిన మనిషి నెయ్యి అడగడు.

ఆ తరవాత కొద్ది రోజులకి షాపు సర్దుతుంటే నాన్నగారి బేరింగుల పెట్టె అడుగున ఒక మూట దొరికింది. పాత లుంగీ గుడ్డలో చుట్టి, కాయిళ్లు కట్టే తెల్లటి నూలు టేపుతో అడ్డంగా నిలువుగా కట్టేసి ఉంది. గుప్పెడంత బరువైన వస్తువు. గుడ్డలోంచి చిటికెన వేలంత ఇరుసు బయటికి పొడుచుకొచ్చింది. ఇరుసు ఒక పక్కన చదునుగా అరగదీసి ఉంది. ఆ అరగదీత నా ఆకురాయిదే. కొంచెం ఏటవాలుగా పోయింది, అప్పుడే అనుకున్నాను. మూట విప్పకుండానే ఏ మోటారో తెలిసిపోయింది. బావగారి మాటకీ ఈ మోటారుకీ సంబంధం ఉంది. ఆ సంబంధం తెలిసినవాళ్లలో నేనూ, మా వీధిలో కొయ్య పని చేసే మస్తాన్ గారూ, బావగారే మిగిలాం. ఆయన చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఏలూరులో కాలవ గట్టుకి దగ్గరగా ఉండేది, మోటార్లకి రాగి తీగ చుట్టే మా వైండింగ్ షాపు. ముందు షాపు, మధ్యలో ఇల్లు, వెనక రేకుల గది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల మీద నడిచే నీటి మోటార్లన్నీ కాలిపోయాక మా దగ్గరికే వచ్చేవి. మోటారుతో పాటు చెరువు కూడా షాపులోకి వచ్చేది: నల్లటి బురద, తవుడు వాసన, ఒక్కోసారి బాడీ లోపల ఎండిపోయిన నత్తగుల్లలు. ఆ వాసన మీద వార్నిష్ వాసన, దాని మీద కాలిన రాగి వాసన. నాన్నగారు కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఆ తరవాత చింతపండుతో తోముకుని, ఆ తరవాత సబ్బు రాసుకుని అన్నానికి కూర్చునేవారు. అయినా ఆయన కలిపి పెట్టిన ముద్దలో సన్నగా వార్నిష్ వాసన ఉండేది. అది పెరుగన్నం వాసనే అని చాలా ఏళ్లు అనుకున్నాను. రైతులు మోటారు తీసుకెళ్లేటప్పుడు తడి గోనె ముక్కలో చుట్టి కొర్రమీను ఇచ్చేవారు. అమ్మ చేపని చేత్తో ఎత్తి చూసి, ఆ చెరువు ఈ ఏడు ఎలా ఉందో చెప్పేసేది.

నాన్నగారికి ఒక అలవాటు ఉండేది. షాపు గుమ్మం దాటి వచ్చిన మోటారు ఏదైనా సరే, విప్పకుండా పంపించేవారు కారు. తీగ తెగిందని తెచ్చినా, ఫ్యాను బ్లేడు విరిగిందని తెచ్చినా, బోల్టులు వూడదీసి, లోపల తిరిగే రోటర్ బయటికి లాగి, లోపల బుగ్గి అంతా బ్రష్షుతో దులిపి, కాయిళ్ల మీద కొత్త వార్నిష్ పట్టించి, బల్బులు వెలిగించిన ఇనప డ్రమ్ములో ఆరబెట్టి, అప్పుడు బిగించేవారు. దానికి విడిగా ఏమీ అడిగేవారు కారు. చెప్పేవారు కూడా కారు. "లోపల చూడని మోటారుకి మనం ఏం పూచీ ఇస్తామండీ" అనేవారు ఎవరైనా ఆలస్యమైందని గొణిగితే. అటు ఉండి ఊరి నుంచీ ఇటు నల్లజర్ల దాకా ఆ పేరు ఉండేది ఆయనకి. ఆ పేరు చూసుకుని నాకూ గర్వంగానే ఉండేది. ఈ కథంతా దాని మీదే నడిచింది.

నేను తాడేపల్లిగూడెంలో డిప్లొమా చదివాను, ఎలక్ట్రానిక్స్. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే దెందులూరు, భీమడోలు దాటాక ఉల్లిపాయల వాసన మొదలయ్యేది. వాసన బాగా ఘాటెక్కిందంటే గూడెం వచ్చేసినట్టే, కిటికీలోంచి చూడక్కర్లేదు. డిప్లొమా చేతికొచ్చాక షాపులో కూర్చున్నాను. చేతిలో మీటరు పట్టుకుని, కాలిన కాయిల్ ఏదో చూసి చెప్పబోతుంటే, వచ్చినవాళ్లు నా తల మీదుగా లోపలికి చూసి "నాన్నగారిని పిలువమ్మా" అనేవారు. ఒకాయన అయితే నేను "స్టార్టింగ్ కాయిల్ పోయిందండి" అని చెప్పాక కూడా, "సరేనమ్మా, నాన్నగారు వచ్చాక చూపిద్దాంలే" అని బెంచీ మీద కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. నాన్నగారు వచ్చి చూసి "స్టార్టింగ్ కాయిల్ పోయిందండీ" అన్నారు. "చూశారా, చెయ్యి పెట్టగానే చెప్పేశారు" అన్నాడాయన. అప్పుడైనా నాన్నగారు, మా అమ్మాయి ముందే చెప్పింది కదండీ అంటారేమో అని చూశాను. అనలేదు. స్పానరు అందుకోమన్నారు.

కొల్లేట్లో ప్రభుత్వంవాళ్లు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన తరవాత మోటార్లు రావడం బాగా పడిపోయింది. బల్లలు ఖాళీగా ఉండేవి. అప్పుడే వెనక రేకుల గదిలో నేను ఆ సీఎన్‌సీ మిషన్ మొదలుపెట్టాను. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే, ఆ బొమ్మని చెక్క మీద తనంతట తానే చెక్కే మిషన్. ఏలూరులో అప్పటికి ఎవరి దగ్గరా నేను చూడలేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని ఎక్కడెక్కడివాళ్లో ఇళ్లలో కట్టుకున్న మిషన్ల ఫొటోలు చూసి, ఇనప పైపులు వెల్డింగ్ చేయించి, బీరువా సొరుగులకి వేసే ఛానెళ్లు పట్టాలుగా బిగించి, పొడవాటి మర కడ్డీలు పెట్టి కట్టాను. దాన్ని నడిపించేవి మూడు స్టెప్పర్ మోటార్లు. మామూలు మోటారు కరెంటిస్తే గిర్రున తిరుగుతుంది. స్టెప్పర్ అలా తిరగదు. కంప్యూటర్ ఒక్కో సిగ్నల్ ఇస్తే ఒక్కో చిన్న అడుగు వేస్తుంది, ఆగమన్నచోట బిగబట్టుకుని నిలబడుతుంది. ఒక మోటారు బల్లని ఎడమకీ కుడికీ, ఒకటి ముందుకీ వెనక్కీ, ఒకటి కోసే బిట్టుని పైకీ కిందకీ నడుపుతాయి. పాత ఎంబ్రాయిడరీ మిషన్లలోంచి పీకిన మోటార్లు మూడు విజయవాడలో ఒక స్క్రాపు దుకాణంలో దొరికాయి. ఇందులో రమేష్ బావగారు చూపించిన దారి ఏమిటంటే, ఒకసారి గది గుమ్మంలో నిలబడి, "ఏం మరదలా, కుట్టుమిషనా?" అని అడిగారు. అంతే.

ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఇంజనీరింగ్ పిల్లలకి ప్రాజెక్టులు చేసిపెట్టే సెంటర్ పెట్టాలని ఆయనకి ఉండేది, దానికి మా వెనక గది కావాలి. నాన్నగారిని వారం వారం అడుగుతుండేవారు. "అల్లుడుగారూ, అమ్మాయి అందులో ఏదో చేసుకుంటోంది కదండీ" అనేవారు నాన్నగారు. "ఏదో చేసుకోవడం వేరు, పనికొచ్చేది చెయ్యడం వేరు మావయ్యగారూ." చివరికి నాన్నగారు ఒక తీర్పు చెప్పారు. మా వీధి చివర కొయ్య పని చేసే మస్తాన్ గారు దెందులూరులో ఒక కొత్త ఇంటికి సింహద్వారం ఒప్పుకున్నారు. తలుపు రెక్కల మీద తామరపూలు, మామిడి పిందెలు. ఆయనకి మణికట్టు నొప్పి, గృహప్రవేశం దగ్గర పడుతోంది. పూల గుండ్రాలు, రేకలు మిషన్ తవ్విపెడితే పైన నగిషీ ఆయన ఉలితో తీర్చుకుంటారు. "ఆ తలుపులు దీని మీద అయితే గది అమ్మాయిది. అవకపోతే మీరు సెంటర్ పెట్టుకోండి. అమ్మాయి రొయ్యల కంపెనీలో ఆపరేటర్‌గా చేరుతుంది" అన్నారు నాన్నగారు. నన్ను అడగలేదు. నేను అక్కడే ఉన్నాను.

నాకేం భయం లేదు. అప్పటికే థర్మోకోల్ షీట్ల మీద గుండ్రాలు, పూలు, మా అమ్మ పేరు ఎన్నోసార్లు కోసి చూశాను. వెన్నలో కత్తిలా నడిచింది. మస్తాన్ గారు టేకు ముక్క ఒకటి పరీక్షకి పట్టుకుని వచ్చారు. ఆయన మిషన్‌కి మొదటి రోజే ఎలుక అని పేరు పెట్టారు, చెక్క కొరుకుతుంది కాబట్టి. "మీ ఎలుక ఇవాళ ఆకలి మీద ఉందా అమ్మా?" అన్నారు. బావగారు కూడా వచ్చి స్టూలు మీద కూర్చున్నారు, సెలవు పెట్టుకుని మరీ. నేను మీట నొక్కాను. బిట్టు చెక్కలోకి దిగింది, పొట్టు లేచింది, గుండ్రం సగం దాకా చక్కగా వచ్చింది. బల్ల వెనక్కి మళ్లాల్సిన చోట మోటారు గుర్రుమని మూలిగి ఆగిపోయింది. ఇరుసు ఉన్నచోటే వణుకుతోంది. ఒక్క క్షణం తరవాత మళ్లీ కదిలింది, అయితే అప్పటికి కంప్యూటర్ లెక్క ఒకచోట, బల్ల ఒకచోట. తామరపువ్వు సగం ఒకచోట, మిగతా సగం వేలెడు దూరాన పడ్డాయి.

"పువ్వు సగం పక్కింటికి వెళ్లిపోయిందండీ" అన్నారు మస్తాన్ గారు. ఆయన నవ్వుతూనే అన్నారు కానీ, చేతిలో టేకు ముక్కని బొటనవేలితో తడిమిన తీరు నాకు గుర్తుంది.

బావగారు లేచి చుట్టూ ఒకసారి తిరిగి, "వైరింగ్ తప్పు. కాయిళ్ల వైర్లు తారుమారు చేసుంటుంది. డిప్లొమావాళ్లకి ఇది మామూలే" అన్నారు. వంగి చూడలేదు, మీటరు ముట్టుకోలేదు. వైర్లు తారుమారైతే థర్మోకోల్ మీద మాత్రం ఎలా నడుస్తుందండీ అని అడిగాను. "అదే కదా మరదలా నీకు తెలియాల్సింది" అన్నారు. మస్తాన్ గారు మాత్రం పోతూ పోతూ, "వచ్చే ఆదివారం దాకా చూస్తానమ్మా. ఆ పైన నా చేతులతోనే మొదలెట్టుకోవాలి, నొప్పయినా సరే" అన్నారు.

ఆ వారం నేను ఏం చేశానో వరసగా చెప్తాను, ఎందుకంటే బావగారు చూపించిన దారి ఇందులో ఎక్కడైనా ఉందేమో చదివినవాళ్లే చెప్పాలి. ముందు మోటారు వూడదీసి బల్లని చేత్తో తోశాను. పట్టాలు పట్టేస్తున్నాయేమో, మర కడ్డీ వంగిందేమో అని. చిన్న వేలితో తోసినా సాఫీగా పోతోంది. అంటే లోపం ఇనుములో లేదు. మోటారుకి కరెంటు అందించే చిన్న బోర్డు ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటాం. ముందుకీ వెనక్కీ నడిపే మోటారు డ్రైవర్‌ని, ఎడమకీ కుడికీ నడిపేదానికి మార్చి, దాన్ని దీనికి పెట్టాను. చెక్క పెట్టి నడిపితే అదే మూలుగు, అదే చోట. డ్రైవర్ మంచిదే. వైర్లు అటువి ఇటు మార్చాను. అదే మూలుగు. అంటే వైరింగ్ తప్పు కాదు. ఈ మాట ఆ రోజే బావగారికి చెప్పించాను మా అక్కతో. "మళ్లీ చూసుకోమను" అని కబురు వచ్చింది. చివరికి మోటార్లనే ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాను. ఇప్పుడు బల్ల ముందుకీ వెనక్కీ పులిలా నడుస్తోంది, ఎడమకీ కుడికీ వెళ్లేటప్పుడు మూలుగుతోంది. లోపం మోటారు వెంట నడిచి వెళ్లింది. దొంగ దొరికినట్టే.

నాన్నగారిని పిలిచాను. మోటారు అంటే ఆయనే చూడాలి కదా. చేతి వెనక భాగం బాడీకి ఆనించి, "ఊరికే నిలబడ్డ మోటారు ఇంత కాలుతోందేంటే?" అన్నారు. స్టెప్పర్ నిలబడ్డప్పుడు కూడా కరెంటు తాగుతుంది, వేడెక్కడం దానికి సహజం అని చెప్పాను. నమ్మలేదు. మీటరు పెట్టి రెండు కాయిళ్లూ చూశారు, పక్క మోటారువీ చూశారు. అణువంత తేడా లేదు. బాడీకి షార్టు లేదు. ఆయన మొహం వికసించింది. "బంగారంలా ఉంది వైండింగు. ఈ మోటారుకేం లేదు, నీ కంప్యూటర్ చూసుకో" అని వెళ్లిపోయారు. ఆయన మీటరు అబద్ధం చెప్పదు. నా పరీక్షా అబద్ధం చెప్పదు. రెండూ నిజమై, తలుపు మాత్రం అవడం లేదు.

శనివారం మధ్యాహ్నం రెండు మోటార్లనీ వూడదీసి, వైర్లన్నీ తీసేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇక చెయ్యడానికి ఏమీ తోచక ఇరుసులు చేత్తో తిప్పుతున్నాను. మంచి మోటారు ఇరుసు వేళ్ల మధ్య టిక్కు టిక్కుమని చిన్న చిన్న గంట్లలో పడుతూ తిరుగుతోంది. రెండోది తిప్పాను. గంట్లు లేవు. ఉన్నా లేనట్టే, నూనెలో గరిటెలా జారిపోతోంది. కరెంటే లేనప్పుడు ఆ గంట్లు ఇచ్చేది రోటర్‌లో ఉన్న అయస్కాంతం. అంటే ఈ మోటారులో రాగి బాగుంది, అయస్కాంతం చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయిందో చూద్దామని దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పుడు వాసన వచ్చింది. పెరుగన్నం వాసన.

మిగతా రెండూ ఎంబ్రాయిడరీ మిషన్ జిడ్డుతో నల్లగా ఉన్నాయి. ఇది ఒక్కటే శుభ్రంగా ఉంది. నాలుగు మూలలా మరలు తళతళలాడుతున్నాయి, అతుకు గీత వెంట వార్నిష్ సన్నటి జరీలా మెరుస్తోంది. మిషన్ కట్టే రోజుల్లో నేను కొల్లేటి లంకలో మా మేనత్త ఇంటికి పెళ్లికి వెళ్లిన నాలుగు రోజులూ, రెండు మోటార్లు మిషన్‌కి బిగించే ఉన్నాయి, మూడోది మర కడ్డీకి కలిపే కప్లింగ్ కోసం షాపు బల్ల మీద ఉంది. షాపు బల్ల మీద ఉన్న మోటారుని మా నాన్నగారు ఏం చేస్తారో నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. లేచి నెట్ సెంటర్‌కి వెళ్లాను. నాలాగే ఇంట్లో మిషన్ కట్టుకున్న ఎవరో ఒకాయన రాసిపెట్టాడు: ఈ రకం మోటారు రోటర్‌ని చుట్టూ ఉన్న ఇనప గూట్లోంచి ఒక్కసారి బయటికి లాగితే చాలు, అయస్కాంతం బలం చాలా మటుకు పోతుంది, తిరిగి పెట్టినా రాదు. థర్మోకోల్ కొయ్యడానికి ఆ మిగిలిన బలం సరిపోయింది. టేకుకి చాల్లేదు.

ఆదివారం పొద్దున్న మస్తాన్ గారు వచ్చే వేళకి బావగారు కూడా వచ్చారు, గది కొలుచుకోవడానికి టేపు తెచ్చుకుని. నేను రెండు మోటార్లూ బల్ల మీద పెట్టి నాన్నగారిని అడిగాను.

"ఈ మోటారు మీరు విప్పారా?"

"విప్పకుండా ఎలా ఉంటాను? బల్ల మీద దుమ్ము కొట్టుకుపోయి పడుంది."

"నాతో చెప్పలేదేంటండీ?"

"కంచం కడిగితే చెప్తామా?"

"అదిగో" అన్నారు బావగారు నవ్వి. "పని చేతకాక మావయ్యగారి మీదకి తోస్తోంది. ముప్ఫై ఏళ్లుగా మోటార్లు చూస్తున్న మనిషికి నువ్వు చెప్పొచ్చావా?"

నాన్నగారు ఆయన వైపు చూడలేదు. నేను మంచి మోటారు ఇరుసు నాన్నగారి చేతికిచ్చి తిప్పమన్నాను. తిప్పారు. రెండోది ఇచ్చాను. తిప్పారు. మళ్లీ మొదటిది తీసుకున్నారు. ఈసారి కళ్లు మూసుకున్నారు. కాలిన కాయిల్ ఏదో వాసన చూసి కనిపెట్టేటప్పుడు ఆయన మొహం ఎలా ఉండేదో అలా ఉంది.

"ఇది జపమాల తిప్పినట్టుంది" అన్నారు. "ఇది బోడిగా పోతోంది."

"నా చేతికివ్వండి" అని మస్తాన్ గారు కూడా తిప్పి చూశారు. "నిజమేనండోయ్. ఈ ఎలుకకి పళ్లు రాలిపోయాయి."

అయస్కాంతం సంగతి చెప్పాను. నాన్నగారు అడ్డు రాకుండా విన్నారు. "మరి నీటి మోటార్లు ఇన్ని విప్పాను, ఏదీ ఇలా అవలేదే?" అని ఒక్క ప్రశ్న వేశారు. వాటి రోటర్‌లో అయస్కాంతం ఉండదండి, ఉత్త ఇనుమే, అన్నాను. ఆయన తల పంకించారు. మోటారు బల్ల మీద పెట్టి, "రాగి పోతే చుట్టి ఇవ్వగలను. ఇది పోతే నేనేం చుట్టను" అని, టేపు పట్టుకుని నిలబడ్డ బావగారి వైపు తిరిగారు. "అల్లుడుగారూ, వైరింగ్ తప్పు కాదండీ. తప్పు నాది. అమ్మాయి పట్టుకుంది."

బావగారు టేపు చుట్టుకుని జేబులో పెట్టుకున్నారు. నేను పొరబడ్డాను అని ఆయన అప్పుడూ అనలేదు, ఇప్పటి వరకూ అనలేదు. టిఫిన్ తిని వెళ్లారు.

మస్తాన్ గారు ఇంకో రెండు రోజులు ఆగుతానన్నారు. విజయవాడ నేను వెళ్తానంటే నాన్నగారు ఒప్పుకోలేదు. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని ఆయనే బస్సెక్కారు. సాయంత్రం వాకిట్లోకి వస్తూనే, కాళ్లు కూడా కడుక్కోకుండా, పేపరులో చుట్టిన మోటారు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "దుకాణంలో ఉన్నవన్నీ తిప్పి చూసి గట్టిది తెచ్చాను. దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. ఒక్క మర కూడా ముట్టుకోలేదు" అన్నారు. బ్రష్షు కూడా పెట్టకుండా, జిడ్డుతో ఉన్న మోటారుని ఆయన ఇంకొకరి చేతిలో పెట్టడం నా జన్మలో అదే మొదలు. ఆయన వేళ్లకి నల్లటి మరకలు అంటుకుని ఉన్నాయి. దాన్ని శుభ్రం చెయ్యాలని ఎంత తహతహలాడి ఉంటారో నాకు తెలుసు.

ఆ మోటారు బిగించి టేకు రెక్క పెడితే గుండ్రం మొదలైన చోటికే వచ్చి కలిసింది. మస్తాన్ గారు గోరుతో అతుకు వెతికారు, దొరకలేదు. మూడు రోజులు రేకుల గదిలో టేకు పొట్టు వాసన తప్ప ఇంకో వాసన లేదు. నాన్నగారు గంటకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి వెళ్లేవారు. ముట్టుకోవాలనిపించకుండా ఉండడానికే అలా కట్టుకునేవారని నా అనుమానం. దెందులూరు గృహప్రవేశానికి మమ్మల్నీ పిలిచారు. ఇంటి యజమాని తలుపు చూపిస్తూ మస్తాన్ గారి పనితనం అని అందరికీ చెబుతుంటే, మస్తాన్ గారు అడ్డుపడి, "పై నగిషీ నాదండీ. పువ్వు పుట్టించింది ఈ అమ్మాయి గారి ఎలుక" అన్నారు. పరాయి మనిషి అన్నాడు ఆ మాట. ఇంట్లోవాళ్లలో అలా పదిమందిలో అన్నవాళ్లు లేరు. గది మాత్రం నాదైంది.

ఇప్పుడు ఆ రేకుల గది పక్కా గది అయింది, అందులో పెద్ద మిషన్లు ఉన్నాయి, గూడెం నుంచీ భీమవరం నుంచీ తలుపులు, పూజ మందిరాలు వస్తున్నాయి. కుర్రాళ్లు ఆన్‌లైన్లో మిషన్లు తెప్పించుకుంటున్నారు. చెడిపోతే నా దగ్గరికి తెస్తున్నారు. మోటారు మీద విప్పితే గ్యారంటీ పోతుందని స్టిక్కరు అంటించి వస్తుంది, కాబట్టి వాళ్లు విప్పరు. మంచిదే. కానీ ఎందుకు విప్పకూడదో కూడా అడగరు. ఒకటి ఆగిపోతే మోటారు, డ్రైవర్, వైరు అన్నీ కలిపి పారేసి అన్నీ కొత్తవి పెట్టుకుంటారు. మిషన్ నడుస్తుంది. ఏది చెడిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. మా నాన్నగారు విప్పకూడనిదాన్ని విప్పారు, నిజమే. అయితే లోపల చూడని దానికి పూచీ ఇవ్వకూడదన్న పట్టుదల ఆయన దగ్గర తీసుకున్నదే. ఆ వారం నేను డ్రైవర్లూ వైర్లూ ఒక్కొక్కటిగా మార్చి చూసింది ఆ పట్టుదలతోనే. దారి చూపించినవాళ్లు ఎవరైనా ఉంటే ఆయనే.

తలుపుల సంగతి అయిపోయిన కొన్నాళ్లకి ఉండి నుంచి ఒకాయన చేపల మేత చల్లే మిషన్లోంచి చిన్న మోటారు ఒకటి పట్టుకొచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను, వాళ్లకి కనబడను. నాన్నగారు స్క్రూడ్రైవర్ తీసిన చప్పుడు వినిపించింది. తరవాత చప్పుడు లేదు. "ఏవండీ, విప్పరేంటి?" అన్నాడాయన. "ఇది విప్పొచ్చో లేదో మా అమ్మాయిని అడగాలండీ. కూర్చోండి, పిలుస్తాను" అన్నారు నాన్నగారు. ఆ మాట నా ఎదురుగా ఆయన ఎప్పుడూ అనలేదు. అదీ నేను మరిచిపోలేదు.

మా షాపులో చచ్చిన మోటారు ఏదీ నిలవ ఉండేది కాదు. రాగి లాగి అమ్మేసేవారు, ఇనుము పాత సామాన్లవాడికి వేసేవారు. మోహం పెట్టుకుని దాచిన వస్తువు ఒక్కటి కూడా ఆ బల్లల కింద దొరకలేదు, ఈ మూట తప్ప. మొన్న రమేష్ బావగారు ఏదో పని మీద వచ్చి, బల్ల మీద దీన్ని చూసి, "ఏంటి మరదలా ఇది?" అంటూ ముడి మీద చెయ్యి వేశారు. "ఆగండి బావగారూ" అన్నాను. "మా షాపులో మోటారు విప్పాలంటే నన్ను అడగాలి." ఆయన చెయ్యి తీసేశారు. ముడి నాన్నగారు వేసినట్టే ఉంది.